కల్వరి కరుణామూర్తి

పండుగ ఈ రోజా, రేపా అన్న సంశయం మన ఇళ్లకు కొత్తది కాదు. సూర్యోదయానికి ఉన్న తిథిని పాటించాలా, ప్రదోషానికి ఉన్న తిథిని పాటించాలా అని రెండు పంచాంగాలు ముందు వేసుకుని కూర్చునే గృహస్థులు మనలో ఎందరో! అటువంటి తిథి వివాదమే ఒక మహనీయుని మరణదినం చుట్టూ శతాబ్దాలుగా సాగుతోంది. ఆ మహనీయుడు యేసుక్రీస్తు. ఆయన సిలువపై ప్రాణం విడిచింది శుక్రవారం నాడేనని నాలుగు సువార్తలూ ఏకకంఠంతో చెబుతున్నాయి. ఆ శుక్రవారం ఏ తిథి అన్న దగ్గరే అవి వేరుపడతాయి. చర్చ తిథితో ఆగలేదు. ఆయన మరణానికి కారకులెవరు, ఆ మరణానికి పరమార్థమేమిటి అన్న ప్రశ్నల దాకా సాగింది. వాటిలో ఒక ప్రశ్నకు లోకం చెప్పుకున్న తప్పుడు సమాధానం ఎందరో అమాయకుల ప్రాణాలను బలిగొన్నది.

క్రీస్తుశకం ఆయన పేరుతోనే మొదలైనా, ఆయన జననం దానికి కొన్నేళ్ల ముందటిది. హేరోదు రాజు జీవించి ఉండగానే ఆ శిశువు జన్మించాడని మత్తయి సువార్త చెబుతుంది. హేరోదు క్రీ.పూ. 4లో గతించాడని చరిత్రకారులలో అత్యధికుల నిర్ణయం. శకాన్ని లెక్కగట్టిన ఆరో శతాబ్దపు సన్యాసి గణనలో కొద్దిపాటి తేడా వచ్చిందన్నమాట! తల్లి మరియ. పెంచిన తండ్రి యోసేపు, వృత్తి వడ్రంగం. జన్మస్థలం బేత్లెహేము. పెరిగింది మాత్రం గలిలయ ప్రాంతంలోని నజరేతు అనే కుగ్రామంలో. సుమారు ముప్పై ఏళ్ల వయసు వరకు తండ్రి వృత్తినే చేపట్టి, చెమటోడ్చి జీవించాడు. రాజాస్థానాలు ఎరుగడు. ఒక్క గ్రంథమూ రాయలేదు.

యోర్దాను నదిలో యోహాను అనే ప్రవక్త చేత బాప్తిస్మం పొందడంతో ఆయన జీవితం మలుపు తిరిగింది. నలభై రోజులు అరణ్యంలో ఉపవాసం ఉండి, గలిలయ సరస్సు తీరంలోని కపెర్నహూము చేరి ఉపదేశం ప్రారంభించాడు. మన పౌరాణికులు పిట్టకథలతో ధర్మసూక్ష్మాలు విప్పినట్టే ఆయనా విత్తనాలు చల్లే రైతు కథ, తప్పిపోయిన గొర్రె కథ, ఆస్తి తగలేసి ఇంటికి తిరిగివచ్చిన కొడుకు కథ చెప్పాడు. బెస్తవారు ఆయన శిష్యులయ్యారు. ఊరంతా అసహ్యించుకునే సుంకరులతో, పతితులుగా ముద్రపడినవారితో కలిసి భోజనం చేశాడు. కుష్ఠురోగులను చేతితో తాకాడు. ఆచారవంతులకు ఇది రుచించలేదు. ఈ బోధ ఏడాదిపాటు సాగిందో, మూడేళ్లు సాగిందో సువార్తలను బట్టి తేల్చడం కష్టం. మొదటి మూడు సువార్తల్లో ఆ కాలంలో ఒక్క పస్కా పండుగే కనిపిస్తుంది. యోహాను సువార్తలో మూడు కనిపిస్తాయి.

పస్కా అంటే ఈజిప్టు దాస్యం నుంచి తమ పూర్వులు విముక్తి పొందిన రోజును యూదులు స్మరించుకునే పండుగ. వారి నీసాను మాసంలో పౌర్ణమి వేళ, దాదాపు మన చైత్ర పౌర్ణమి ప్రాంతంలో వస్తుంది. యాత్రికులతో యెరూషలేము కిక్కిరిసిపోయేది. పరాయి పాలనలో మగ్గుతున్న జాతి విముక్తి పండుగ చేసుకుంటుంటే పాలకులకు నిద్ర పట్టదు గదా! అందుకే కైసరయ పట్టణంలో నివసించే రోమన్ అధికారి పొంతి పిలాతు ఆ రోజుల్లో సైన్యంతో యెరూషలేములో మకాం వేసేవాడు. అటువంటి వేళ యేసు గాడిదనెక్కి ఆ నగరంలో ప్రవేశించాడు. జనం జయజయధ్వానాలు చేశారు. ఆలయ ప్రాంగణంలో నాణేలు మార్చే వర్తకుల బల్లలను ఆయన పడదోశాడు. ఆ క్షణంతో ఆయన విధి నిర్ణయమైపోయిందని చెప్పవచ్చు.

గురువారం రాత్రి శిష్యులతో కలిసి చివరి భోజనం చేశాడు. అతిథి పాదాలు కడగడం మనకు ఆచారం, గురువు పాదాలు కడగడం మనకు భాగ్యం. ఆ రాత్రి గురువే నడుముకు తువ్వాలు చుట్టుకుని పన్నెండుగురు శిష్యుల పాదాలు కడిగాడు. ముప్పై వెండి నాణేలకు తనను అప్పగించబోతున్న యూదా పాదాలు కూడా వాటిలో ఉన్నాయి. అనంతరం గెత్సేమనే తోటకు వెళ్లి ప్రార్థించాడు. రాబోయే యాతన తలచుకుని ఆయన కలత చెందాడు. వీలైతే ఆ చేదు పాత్రను తన నుంచి తొలగించమని తండ్రిని వేడుకుని, చివరకు ఆయన చిత్తానికే తనను అప్పగించుకున్నాడు. ఆరాధ్యదైవం గురించి రాసేవారు ఆ కలతను దాచిపెట్టి ఉండవచ్చు. దాచలేదు. ఈ కథనంలో కల్పన కంటే స్మృతి పాలు ఎక్కువని నమ్మడానికి ఇదొక కారణం.

ఆ రాత్రి విచారణ ప్రధాన యాజకుడు కయప ఎదుట జరిగింది. దైవదూషణ అక్కడి అభియోగం. తెల్లవారి పిలాతు ముందు నిలబెట్టేసరికి నేరం పేరు మారింది. తాను యూదుల రాజునని చెప్పుకుని రోము అధికారాన్ని ధిక్కరించాడన్నది కొత్త ఆరోపణ. సువార్తల్లోని పిలాతు తటపటాయిస్తాడు. ఈ మనిషిలో దోషం కనబడలేదంటాడు. మత్తయి కథనంలోనైతే నీళ్లు తెప్పించి అందరి ముందూ చేతులు కడుక్కుంటాడు. కానీ ఆ శతాబ్దపు యూదు రచయితలైన ఫైలో, జోసీఫస్ చిత్రించిన పిలాతు వేరు. అతడు కఠినుడు, రక్తపాతానికి వెనుదీయనివాడు. సమరయుల మీద జరిపిన దారుణం వల్లనే క్రీ.శ. 36లో పదవి కోల్పోయాడు. రోమన్ల ఏలుబడిలో బతుకుతూ రాసిన సువార్తికులు రోము నేరాన్ని కొంత తేలిక చేసి ఉంటారని అనేకమంది పండితుల ఊహ. పిలాతు కల్పిత పాత్ర కాదనడానికి మాత్రం రాతిసాక్ష్యమే ఉంది. 1961లో కైసరయ శిథిలాల్లో అతని పేరూ, పదవీ చెక్కిన శిల బయటపడింది.

సిలువ శిక్ష రోమన్ల అమ్ములపొదిలోని అతి క్రూరమైన అస్త్రం. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణచినప్పుడు ఆరు వేలమంది బానిసలను రాచబాట పొడవునా సిలువ వేశారు. మన కథల్లోని కొరత శిక్ష వలె ఇదీ ప్రాణంతోపాటు పరువును కూడా తీయడానికి ఉద్దేశించినది. కొరడా దెబ్బలు తిన్న దోషి తన సిలువను తానే మోయాలి. పటాల్లో మనం చూసేది నిండు సిలువ. వాస్తవంలో దోషి మోసేది అడ్డదూలం మాత్రమేనని, నిలువు స్తంభం వధ్యస్థలంలోనే పాతి ఉండేదని చరిత్రకారుల అభిప్రాయం. యేసు అలసి సోలిపోగా కురేనీయుడైన సీమోను అనే బాటసారి చేత దాన్ని మోయించారు. గొల్గొతా అన్న ఆ స్థలాన్ని మనం కల్వరి కొండ అంటాం. సువార్తలు ఎక్కడా దాన్ని కొండ అనలేదు! అరచేతుల్లో మేకులు కొట్టారా, మణికట్టులోనా అన్న చర్చ కూడా ఉంది. 1968లో యెరూషలేము సమీపాన ఒక సమాధిలో, ఇనుప మేకు దిగబడి ఉన్న మనిషి మడమ ఎముక దొరికింది. అది అదే శతాబ్దంలో సిలువ వేయబడిన మరో యూదునిది. కాళ్లకు మేకులు కొట్టేవారని, సిలువపై మరణించినవారికి కూడా ఒక్కొక్కప్పుడు కుటుంబ సమాధి దక్కేదని ఆ ఎముక వల్ల రూఢి అయింది.

ఇక తిథి సంగతి. యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. చివరి భోజనం పస్కా భోజనమేనని మత్తయి, మార్కు, లూకా చెబుతున్నారు. ఆ లెక్కన మరణం నీసాను 15న. పస్కా గొర్రెపిల్లలను వధించే 14వ తేదీనే ఆయన మరణించాడని యోహాను కథనం. ఆయననే బలి గొర్రెపిల్లగా చూపాలన్న భావం యోహానుదని కొందరంటారు. తేదీ విషయంలో ఆయన మాటే సరైనదని మరికొందరంటారు. పిలాతు పదవీకాలంలో 14వ తేదీ శుక్రవారం పడిన సందర్భాలను ఖగోళ గణితంతో వెదికితే రెండు తేదీలు ముందుకు వచ్చాయి. ఒకటి క్రీ.శ. 30 ఏప్రిల్ 7, రెండోది క్రీ.శ. 33 ఏప్రిల్ 3. మధ్యాహ్నం నుంచి మూడు గంటలపాటు చీకటి కమ్మిందని సువార్తలు చెప్పడంతో, అది సూర్యగ్రహణమని కొందరు పూర్వులు భావించారు. అమావాస్య నాడు తప్ప సూర్యగ్రహణం రాదని మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. పస్కా వచ్చేది పౌర్ణమికి. విశేషమేమంటే, క్రీ.శ. 33 ఏప్రిల్ 3 సాయంత్రం యెరూషలేములో చంద్రుడు పాక్షిక గ్రహణంతోనే ఉదయించాడని గణితం చెబుతోంది.

సిలువపై ఆయన పలికిన మాటలు కూడా నాలుగు గ్రంథాల్లో ఒకటి కావు. మార్కు, మత్తయి గ్రంథాల్లో, దేవుడు తన చెయ్యి విడిచాడన్న ఆక్రందన వినిపిస్తుంది. తనను చంపుతున్నవారిని క్షమించమని వేడుకున్నట్టు లూకా చెబుతాడు. కొన్ని ప్రాచీన తాళ్లప్రతుల వంటి చేతిరాత ప్రతుల్లో ఆ వాక్యం లేదు. తల్లిని ప్రియశిష్యునికి అప్పగించిన ఘట్టం యోహానులో మాత్రమే ఉంది. అన్నింటినీ కూర్చి ఏడు మాటలుగా లెక్కించారు. మన తెలుగునాట చర్చిల్లో గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ధ్యానించేది ఆ ఏడింటినే. శిష్యుల్లో అధికులు పారిపోయారు. మగ్దలేనే మరియ మొదలైన స్త్రీలు మాత్రం కదలలేదు. మూడు గంటల వేళ ఆయన ప్రాణం విడిచాడు. అరిమతయి యోసేపు అనే సంపన్నుడు దేహాన్ని అడిగి తీసుకుని రాతి సమాధిలో ఉంచాడు. ఆదివారం ఉదయం ఆ స్త్రీలే వెళ్లి ఖాళీ సమాధిని చూశారు. ఆయన లేచాడన్నది క్రైస్తవుల విశ్వాసానికి ప్రాణం. దాన్ని కొలిచే కొలబద్ద చరిత్ర దగ్గర లేదు. భయంతో చెల్లాచెదురైన శిష్యులు కొద్దికాలానికే నిర్భయంగా వీధుల్లో నిలిచి ఆయన పేరు చాటారన్నది మాత్రం చరిత్ర.

ఆయన సిలువపై మరణించలేదని, దేవుడు తన వద్దకు చేర్చుకున్నాడని ముస్లింల విశ్వాసం. ఆయన గాయాలు మాని కాశ్మీరు చేరాడని, శ్రీనగర్‌లోని రోజాబల్ ఆయన సమాధేనని అహ్మదీయుల నమ్మకం. యువకుడిగా భారతదేశం వచ్చి చదువుకున్నాడని 1894లో నోటోవిచ్ అనే రష్యన్ యాత్రికుడు పుస్తకం వేశాడు. లడఖ్‌లోని హెమిస్ బౌద్ధారామంలో అందుకు ఆధారం చూశానన్నాడు. మరుసటి ఏడాది వెళ్లి అడిగినవారికి ఆ మఠాధిపతి అటువంటి గ్రంథమే లేదని తేల్చిచెప్పాడు. మన దేశానికి గౌరవం తెచ్చే కథ గనుక మనకు ప్రియంగా ఉంటుంది. ప్రియమైనంత మాత్రాన సత్యం కాబోదు. పిలాతు కాలంలో ఆయనకు మరణశిక్ష పడిందని క్రైస్తవుడు కాని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ సుమారు క్రీ.శ. 116లోనే రాశాడు.

మొదట చెప్పుకున్న ఘోరమైన ప్రశ్నకు వద్దాం. ఆయనను చంపినదెవరు? పిలాతు చేతులు కడుక్కున్న ఘట్టాన్ని పట్టుకుని యూదులే హంతకులని శతాబ్దాలపాటు యూరప్‌లో ప్రచారం జరిగింది. 1096లో మొదటి క్రూసేడు పేరుతో బయలుదేరిన మూకలు రైన్ నదీతీరంలోని వర్మ్స్, మైంజ్ పట్టణాల్లో యూదులను ఊచకోత కోశాయి. యేసు యూదుడు, తల్లి యూదురాలు, తొలి శిష్యులంతా యూదులు. తీర్పు రోమన్‌ది, శిక్షా విధానం రోమన్‌ది, సిలువకు కొట్టిన సైనికులు రోమన్ సైనికులు. ఆలయ పెద్దల్లో కొందరు ఆయన మరణాన్ని కోరి ఉండవచ్చు. అందుకు ఒక జాతిని తరతరాలుగా దోషిని చేయడం ఏ ధర్మం? ఆ నాటి యూదులందరినీ గానీ, నేటి యూదులను గానీ నిందించరాదని 1965లో వాటికన్ మహాసభ ప్రకటించింది. ఆ మాట ఎంత ఆలస్యంగా వచ్చిందో చెప్పనక్కరలేదు.

మరణానికి అర్థమేమిటన్న చర్చలో క్రైస్తవులకే ఏకాభిప్రాయం లేదు. సాతాను చెర నుంచి మానవులను విడిపించిన మూల్యమని కొందరు ప్రాచీనులు తలచారు. మనిషి దేవునికి పడిన రుణం తీర్చడమని పదకొండో శతాబ్దం చివర ఆన్సెల్మ్ వాదించాడు. ఆ ప్రేమను చూసి మనిషి హృదయం కరగడమే ఫలమని ఆ తరువాతి తరంలో అబెలార్డ్ భావించాడు. ఈ వాదం మన దేశానికీ వచ్చింది. 1820లో రాజా రామమోహన్ రాయ్ యేసు ఉపదేశాలను మాత్రం ఏరి గ్రంథంగా వెలువరించారు. మహిమలను, సిలువ వృత్తాంతాన్ని విడిచిపెట్టారు. సిలువ ప్రాయశ్చిత్తం లేని బోధ ముక్తినివ్వదని సేరంపూరు మిషనరీ మార్ష్‌మన్ ఖండించాడు. మూడేళ్లు వాదప్రతివాదాలు సాగాయి. అప్పటివరకు ఆయన సమాధానాలను అచ్చువేసిన బాప్టిస్టు ముద్రణాలయం చివరి గ్రంథానికి నిరాకరించగా, రాయ్ సొంత అచ్చుయంత్రం సమకూర్చుకున్నారు.

మహాభారతంలోని మాండవ్య మహర్షి కూడా చేయని దొంగతనానికి కొరతకెక్కినవాడే. ఏ పాపానికి ఈ ఫలమని ఆయన యమధర్మరాజును నిలదీశాడు. బాల్యంలో కీటకాలను పుల్లతో గుచ్చినందుకని జవాబు వచ్చింది. ఎవరి కర్మ వారిదే అన్న మన సిద్ధాంతానికి అది అద్దం. అంత స్వల్ప దోషానికి ఇంత శిక్షా అని మహర్షి ధర్మదేవతనే శపించడం వేరే కథ. కల్వరిలో నిర్దోషి అనుభవించింది పరుల పాపఫలమని క్రైస్తవులంటారు. ఈ రెండూ ఒకటేనని సర్దిచెప్పడం తేలికే గానీ, అది రెంటికీ న్యాయం చేయదు.

గాంధీజీ ఆ తేడాను దాచుకోలేదు. ఆ రక్తంలో పాపాలు కడిగే మహిమ ఉందన్న మాటను అంగీకరించలేనని ఆత్మకథలో స్పష్టం చేశారు. 1931 డిసెంబరులో లండన్ నుంచి తిరిగివస్తూ రోములో ఆగినప్పుడు ఆయన వాటికన్‌లోని సిస్టీన్ ప్రార్థనాలయానికి వెళ్లారు. అక్కడి సిలువ విగ్రహం ముందు నిలబడిపోయారు. కళ్లు చెమర్చాయి. ఆ దృశ్యం నుంచి తనను తాను లాక్కుని వెళ్లడం కష్టమైందని తరువాత రాసుకున్నారు.