సాహసచిత్రముల దాసుగారు

పట్టణములయందలి విమర్శకులు మెచ్చు దర్శకులు కొందరు. జువ్వలదిన్నెవంటి సముద్రతీరపు పల్లెలనుండి కావలివఱకు పోయి, నేలటిక్కెట్టు కొని, రెండవ ఆట చూచి తెల్లవాఱుజామున ఇల్లు చేరిన జనము మెచ్చిన దర్శకులు కొందరు. శ్రీ కె. ఎస్. ఆర్. దాసుగారు ఈ రెండవ కోవలోనివారు. నెల్లూరు మండలమున పుట్టిన ఈయనను ఆ మండలమువారే తగినంతగా స్మరింపకుండుట మాకు వింతగా తోచుచున్నది. కత్తియుద్ధమును, గుఱ్ఱపుస్వారియు, తుపాకిమ్రోతయు నున్న చిత్రమును తీయువాడు కళాకారుడు కాడను భావము మనలో పాతుకొనియుండుటయే దీనికి కారణము కాబోలును.

కొండా సుబ్బరామదాసుగారు 1936వ సంవత్సరము జనవరి 5వ తేదీన జన్మించిరి. ఆనాటి తెలుగు చలనచిత్రములకెల్ల మద్రాసే పుట్టినిల్లు. నెల్లూరునుండి అచ్చటికి రైలుమీద పూటప్రయాణమే యైనను, స్టూడియో గడపదాటుటకు మాత్రము ఏండ్లు పట్టుచుండెడిది. దాసుగారు దర్శకులే కాక ఎడిటింగు తెలిసినవారు. ఈ సంగతి ముఖ్యమైనది. పోరాటదృశ్యము వేదికమీది కుస్తీవలె ఒక్కచోట నిలిచి చూచునది కాదు. చేయి, కన్ను, గుఱ్ఱపుడెక్క, తుపాకి అను చిన్నచిన్న తునుకలను ఒకదానివెంట నొకటి అతికినపుడే దానికి వేగము కలుగును. ఏ తునుక ఎన్ని క్షణములుండవలెనో ముందే ఎఱిగిన దర్శకునకు ఫిలిము వృథాకాదు, దినములు వృథాకావు. 1969లో వెలువడిన గండర గండడు, టక్కరి దొంగ చక్కని చుక్క అను చిత్రములతో వీరిపేరు నిర్మాతలకు తెలిసినది.

1970లో వచ్చిన రౌడీరాణి విషయము కొంత విపులముగా చెప్పదగినది. అంతకుముందు మన తెరమీద స్త్రీ యనగా కన్నీరు కార్చు ఇల్లాలు, లేదా పాటకు ఆడు నర్తకి. హిందీచిత్రములలో 1935లోనే నాడియా కొరడా పట్టి హంటర్‌వాలీగా కనబడెను గాని, ఆ మార్గము మన తెలుగుచిత్రములలో బలపడలేదు. దాసుగారు నర్తకిగా పేరుపడిన విజయలలితగారిని కథకు మూలస్తంభముగా నిలిపి, ఆమెచేతికి తుపాకి యిచ్చి, పగతీర్చుకొను భారమును ఆమెపైననే యుంచిరి. నాయకుడు వచ్చి రక్షించునను ఆశ ప్రేక్షకునికి చూపలేదు. జనము ఆదరించిరి. దీనినే 1972లో రాణీ మేరా నామ్ అను పేర హిందీలో తామే తీసిరి. విజయలలితగారి బంధువర్గములోని విజయశాంతిగారు 1990లో కర్తవ్యము చిత్రమున పోలీసు అధికారిణియై మెప్పు పొందునప్పటికి, ఆ బాట వేసి ఇరువదియేండ్లైనది.

1971వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన విడుదలయైన మోసగాళ్ళకు మోసగాడు దాసుగారి కీర్తికి ఆధారము. పద్మాలయా సంస్థ పక్షమున నటులు కృష్ణగారును, వారి సోదరులును దీనికి పూనుకొనిరి. మెకన్నాస్ గోల్డ్ అను అమెరికా చిత్రము మన పట్టణములలో ఆడి జనమును ఉఱ్ఱూతలూపిన కాలమది. కథ వ్రాసినవారు ఆరుద్రగారు, ఛాయాగ్రాహకులు వి. ఎస్. ఆర్. స్వామిగారు. రంగులలో, రాజస్థానపు ఇసుకభూములలో చిత్రీకరించిరి.

ఇది పరదేశపు సరకునకు తెలుగుముద్ర వేయుటయే కదా యని ఆక్షేపించువారు కలరు. ఆక్షేపణ తోసివేయదగినది కాదు. అయితే ఆ పరదేశపు సరకు ఎచ్చటిదో కూడ విచారింపవలెను. పశువులకాపరుల కథ అమెరికావారిది. దానిని ఇటలీవాడైన సెర్జియో లియోనే స్పెయినుదేశపు బీడునేలలలో తీసి లోకమునకు చూపెను. ఆయన 1964లో తీసిన చిత్రము జపానుదేశస్థుడైన కురొసావా 1961లో తీసిన యోజింబోకు అనుకరణమని తగవు నడచి, పరిహారము చెల్లింపవలసివచ్చెను. ఇన్ని దేశములు తిరిగిన కథ మన గడపకు వచ్చినపుడు మనవారినొక్కరినే దొంగలనుట న్యాయమా? ఆరుద్రగారు దానిని ఆంగ్లేయుల కాలపు సంస్థాననిధి కథగా మలచిరి. నాగభూషణముగారి నక్కజిత్తుల పాత్ర ఏ పరదేశమునందును పుట్టినది కాదు. మన సంతలలో దినమును కనబడువాడే. ఆ అంచుటోపీలును, నడుముపటకాలును ఏ తెలుగు సంస్థానమునం దుండెడివో చరిత్రకారులు చెప్పజాలరు గాని, ప్రేక్షకులెవ్వరును అడుగలేదు! చిత్రము తమిళములోనికి పోయెను. ట్రెజర్ హంట్ అను పేర ఇంగ్లీషులోనికి మారి పరదేశములకు పోయెను. హిందీవారి షోలే వచ్చినది దీనికి నాలుగేండ్ల తరువాత, 1975లో.

ఆపైన దాసుగారికి తీరిక లేదు. కృష్ణగారితోనే దాదాపు 30 చిత్రములు తీసిరి. కన్నడదేశమున విష్ణువర్ధనుగారితో కళ్ళ కుళ్ళ, సహోదరర సవాల్, కిలాడి కిట్టు తీసి, అచ్చటివారికిని ఆప్తులైరి. సహోదరర సవాల్ చిత్రమును 1978లో అన్నదమ్ముల సవాల్‌గా తెలుగునకు తెచ్చి, కృష్ణగారిప్రక్క రజనీకాంతుగారిని నిలిపిరి. 1979లో ఎన్. టి. రామారావుగారితో యుగంధర్; 1982లో చిరంజీవి, మోహన్‌బాబుగార్లతో బిల్లా రంగా. నిజము చెప్పవలెనన్న, ఈ వేగములో అచ్చు పోసినట్టి చిత్రములు పెక్కు వచ్చినవి. కథ నడువక ఆగినచోట క్లబ్బునాట్యము చేర్చు అలవాటు ఈయనదిగా కూడ పెరిగినది. నిర్మాతల తొందరయే దీనికి కారణమని కొందరందురు. సంవత్సరమునకు పెక్కుచిత్రములు ఒప్పుకొనిన దర్శకునకును అందు భాగము లేకపోలేదని మా తలంపు.

దాసుగారు 2012వ సంవత్సరము జూను 8వ తేదీన చెన్నపట్టణమున పరమపదించిరి. కృష్ణగారు 2022 నవంబరులో గతించిన పిమ్మట, వారి జన్మదినమైన 2023 మే 31వ తేదీన మోసగాళ్ళకు మోసగాడు చిత్రమును క్రొత్తగా శుభ్రపఱచి తెలుగునాట మరల విడుదలచేసిరి. అది మొదట ఆడినపుడు పుట్టనైన పుట్టని యువకులు అందలి గుఱ్ఱపుస్వారికి ఈలలు వేసిరి.