బండి విప్పి చదువుకున్న నాయుడు గారు

తమిళనాడులో తెలుగు ఇంట పుట్టి, యంత్రాల పనిలో దేశమంతటా పేరు తెచ్చుకున్నవారిలో ముందుగా చెప్పుకోవలసిన వ్యక్తి గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. అందరికీ తెలిసిన పేరు జి.డి. నాయుడు. ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో, ఒక రైతు కుటుంబంలో పుట్టారు. కోవిల్‌పట్టి, విరుదునగర్ పల్లెల్లోని మన పిల్లలకు ఆ ఇంటి వాతావరణం కొత్తేమీ కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చుట్టూ పత్తి చేలు.

చిన్నతనంలోనే తల్లి పోయింది. బడిలో మనసు నిలవలేదు. కింది తరగతుల్లోనే చదువు ఆగిపోయి పొలం పనుల్లో పడ్డారు. అలాంటి కుర్రవాడు ఒకరోజు, ఊరికి వచ్చిన ఒక ఆంగ్ల అధికారి నడిపే రడ్జ్ మోటారు సైకిలును చూశాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి మాత్రం పరుగెత్తుతోంది. అది ఎలా కదులుతోందో తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనను వదల్లేదు. కోయంబత్తూరు చేరి ఒక హోటల్లో సర్వరుగా పనిచేస్తూ కొన్నేళ్లపాటు డబ్బు కూడబెట్టి, చివరికి ఆ బండినే కొన్నారు. కొన్నాక దానిమీద ఊరేగడంతో సరిపెట్టుకోలేదు. భాగాలన్నీ విప్పి చూసి, తిరిగి బిగించారు. ఆయనకు అసలైన బడి ఆ బండే.

పిల్లలూ, ఆ బడిలో కష్టమైన పాఠాల్లో ఒకటి కార్బురేటర్. గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు అందించే చిన్న పాత్ర అది. ఇంజను గాలిని పీల్చుకుంటుంది. ఆ గాలి ఒక ఇరుకు గొంతు గుండా వేగంగా పోతుంది. వేగం పెరిగినచోట ఒత్తిడి తగ్గుతుంది కనుక, అక్కడున్న సన్నని జెట్ నుంచి పెట్రోలు పైకి వచ్చి తుంపరగా కలుస్తుంది. పెట్రోలు పూర్తిగా మండాలంటే తూకంలో ఒక పాలు పెట్రోలుకు దాదాపు 15 పాళ్లు గాలి కావాలి.

యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పితే కొన్ని బండ్లు ముందుకు దూకకుండా క్షణంసేపు తడబడతాయి. పికప్ లేదని మనం అంటుంటాం. గాలి తేలికైనది, వెంటనే పరుగెత్తుతుంది. పెట్రోలు బరువైనది, ఒక క్షణం వెనకబడుతుంది. ఆ క్షణంలో పెట్రోలు చాలక ఇంజను తడబడుతుంది. నాయుడు గారి కాలపు మోటారు సైకిళ్లలో గాలికి ఒక లివరు, పెట్రోలు కలిసిన మిశ్రమానికి మరో లివరు ఉండటం మామూలు. నడిపేవాడే ఇంజను చప్పుడు విని రెండింటినీ సరిచూసుకోవాలి. ఇంజను స్వభావం తెలియనివాడు అలాంటి బండిని సరిగా నడపలేడు.

నేటి మోటారు సైకిలుకైనా, కొండదారుల్లో తిరిగే ఏటీవీ అనే నాలుగు చక్రాల బండికైనా, కార్బురేటర్ ఉన్నదైతే పద్ధతి అదే. పికప్ కావాలని వెంటనే పెద్ద జెట్ వేస్తే పెట్రోలు ఖర్చవుతుంది, ప్లగ్ నల్లబడుతుంది. ముందు గాలి ఫిల్టరు శుభ్రం చేయాలి. ఇంజను వేడెక్కాక నిదానపు పరుగును సరిచేసే స్క్రూను పావు చుట్టు మాత్రమే తిప్పి చూడాలి. చాలకపోతే సూదిని ఒక్క గాడి పైకి జరపాలి. కొంతదూరం నడిపాక ప్లగ్ రంగు చూడాలి. లేత గోధుమ రంగైతే సరిపోయింది, నల్లటి మసి అయితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఇవన్నీ మెకానిక్ పక్కన ఉండగానే నేర్చుకోండి. పెట్రోలు దగ్గర నిప్పు కూడదని అగ్గిపెట్టెలు తయారయ్యే ఊళ్ల పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

నాయుడు గారు మెకానిక్‌గా స్థిరపడి, పత్తి వ్యాపారంలో సంపాదించి, అదే వ్యాపారంలో బొంబాయిలో పోగొట్టుకున్నారు. మళ్లీ మొదటికి వచ్చినా ఇంజను విద్య చేతిలోనే ఉంది. కోయంబత్తూరు వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ సాయంతో ఒక బస్సు తీసుకుని, 1920లో పొళ్లాచ్చి, పళని మధ్య స్వయంగా నడిపారు. ఆ ఒక్క బస్సే యు.ఎం.ఎస్. అనే పెద్ద రవాణా సంస్థగా ఎదిగింది. తర్వాత రసాంట్ అనే విద్యుత్ రేజరు తయారుచేశారు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి విద్యుత్ మోటారు తయారుచేశారు. మన దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దాన్ని చెప్పుకుంటారు. పొలంలో పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద కూడా ప్రయోగాలు చేశారు.

అన్నీ నెరవేరలేదు. 1952లో రెండువేల రూపాయలకే అందేలా రెండు సీట్ల కారు రూపొందిస్తే, ప్రభుత్వ లైసెన్సు రాక అది ఆగిపోయింది.

బడి మానేసి పైకొచ్చారు కదా, మాకు చదువెందుకని కొందరు పిల్లలు అడగవచ్చు. దానికి జవాబు ఆయన చేసిన పనిలోనే ఉంది. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడటానికి మూలం ఆయనే. చదువు అక్కరలేదనుకున్నవాడు కళాశాల కోసం ధనం, శ్రమ ధారపోయడు. ఆయన తగవు చదువుతో కాదు, చేతికి పని చెప్పని చదువుతో. ఇంజనీరింగుకు నాలుగేళ్లు అనవసరం, పని నేర్పిస్తూ చెబితే రెండేళ్లు చాలునని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో బాధ్యతల నుంచి తప్పుకున్నారు. ఆ కళాశాలే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. కోయంబత్తూరు బస్సుల్లో హోప్ కాలేజీ అనే స్టాపు పేరు ఇప్పటికీ వినిపిస్తుంది.

నాయుడు గారు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరిట ప్రదర్శనశాల ఉంది. విరుదునగర్, మదురై మీదుగా వెళ్లే విహారయాత్రలో ఉపాధ్యాయులు పిల్లలను అక్కడికి తీసుకువెళ్లవచ్చు. భౌతికశాస్త్రంలో గాలి వేగం, ఒత్తిడి పాఠం వచ్చిన రోజున, వీధి చివరి మెకానిక్‌ను ఒక పాత కార్బురేటర్ అడిగి తరగతికి తెచ్చినా చాలు. పుస్తకంలోని గీత ఆ ఇత్తడి జెట్‌లో కనబడితే పాఠం మరిచిపోయే పిల్లవాడు ఉండడు.