వన్‌డౌన్‌లో వచ్చినవాడు: లక్ష్మణ్ 281కి పాతికేళ్ళు

2001 మార్చి 14, బుధవారం. కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్టూ పడలేదు. వి.వి.ఎస్. లక్ష్మణ్, రాహుల్ ద్రావిడ్ కలిసి ఒక్క రోజులో 335 పరుగులు చేశారు. ఎదురుగా ఉన్నది వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా. ఈ మార్చి 14కి ఆ రోజుకి పాతికేళ్ళు నిండాయి. శనివారం కలిసొచ్చింది, ఉగాది మరో ఐదు రోజులుంది. అందుకని ఢిల్లీ సాకేత్‌లో ఉన్న మా తెలుగు కుటుంబాలు కొన్ని ఈసారి పండగని కాస్త ముందుకి జరుపుకున్నాయి. పులిహోర, బొబ్బట్లు, పెద్ద తెర మీద ఆ మార్చి 14 ఆట, అంటే ఆ టెస్టు నాలుగో రోజు. ఈ అభినందన ఆ వేడుక సందర్భంగా రాస్తున్నది.

281 అన్న అంకె ఒక్కటి చాలు, ఎవరి గురించో చెప్పక్కర్లేదు. కానీ ఆ అంకె వెనకాల ఒక సంగతి మరుగున పడిపోతోందని నాకు అనిపిస్తుంది. లక్ష్మణ్‌ది ఒక స్థానంలో స్థిరపడిన ఆట కాదు. జట్టుకి ఎక్కడ లోటుంటే అక్కడికి పంపారు. వెళ్ళాడు. వెళ్ళిన చోటల్లా అతను ఆడిన తీరుకే ఈ చప్పట్లు.

1996 నవంబర్‌లో అహ్మదాబాద్‌లో దక్షిణాఫ్రికా మీద తొలి టెస్టు, రెండో ఇన్నింగ్స్‌లో 51. విజయవాడ డాక్టర్ దంపతుల కొడుకు, హైదరాబాద్‌లో ఆట నేర్చుకున్న కుర్రాడు, పుట్టుకతో మిడిల్ ఆర్డర్ బ్యాట్స్‌మన్. అక్కడ చోటెక్కడిది? సచిన్, ద్రావిడ్, గంగూలీ, అజహర్ ఉన్నారు. దాంతో ఓపెనర్‌ని చేశారు. కొత్త బంతి ఎదుర్కోవడం వేరే విద్య, అలవాటు లేనివాడికి అదొక శిక్ష. అయినా 1998లో ఇదే ఈడెన్‌లో, ఇదే ఆస్ట్రేలియా మీద సిద్ధూతో కలిసి తొలి వికెట్‌కి 191 పరుగులు జోడించాడు, అందులో తనవి 95. 2000 జనవరిలో సిడ్నీలో జట్టంతా కలిసి 261 చేస్తే అందులో 167 ఒక్కడివే. ఆ మ్యాచ్ మనం ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోయాం. ఓడిన మ్యాచ్‌లో ఆడిన ఆట కాబట్టి దాన్ని తలుచుకునేవాళ్ళు తక్కువ. నేను మాత్రం 281కి బీజం అక్కడే పడిందంటాను.

ఆ తర్వాత ఇక ఓపెనింగ్ చెయ్యనని తేల్చి చెప్పాడు. జట్టులో చోటు పోయినా సరే అనుకుని తీసుకున్న నిర్ణయం అది. ఆ 1999-2000 రంజీ సీజన్‌లోనే హైదరాబాద్ తరఫున 1415 పరుగులు, 8 శతకాలు. అందులో కర్ణాటక మీద 353 కూడా ఉంది.

ఇక ఈడెన్. తొలి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో వచ్చి 59 కొట్టి, చివరి వికెట్‌గా వెనక్కొచ్చాడు. ఆస్ట్రేలియా 445, మనం 171. ఫాలో ఆన్. ప్యాడ్లు విప్పే లోపలే కోచ్ జాన్ రైట్ వచ్చి ఈసారి వన్‌డౌన్‌లో వెళ్ళమన్నాడు. ద్రావిడ్‌ని ఆరో స్థానానికి దించారు. అప్పటికే లక్ష్మణ్ నడుము పట్టేసి ఒంటిని ఒక పక్కకి ఒరగదీస్తోంది, ఫిజియో ఆండ్రూ లీపస్ సర్దిపెడుతుంటే ఆడాడు. ద్రావిడ్‌కీ ఒంట్లో బాగాలేదు. 274 పరుగుల వెనకబాటు నెత్తిన ఉంది.

శనివారం మా తెర మీద అందరూ మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పించి చూసినవి షేన్ వార్న్ బంతులు. వార్న్ లెగ్ స్టంప్ బయట గరుకు మీద బంతి వేస్తాడు. అది సుడి తిరిగి లోపలికొస్తుంది. ఎవరైనా ప్యాడ్ అడ్డం పెడతారు. లక్ష్మణ్ ముందుకి దూకి, ఆ సుడి తిరిగే వైపుకే కవర్స్ మీదుగా కొడతాడు. వార్న్ మళ్ళీ అక్కడే వేస్తాడు. ఈసారి అదే అడుగు, అదే ఎత్తు, చివరి క్షణంలో మణికట్టు తిరుగుతుంది, బంతి సుడికి ఎదురుగా మిడ్ వికెట్ వైపు పోతుంది. ఒకే బంతికి రెండు దిక్కులు! ఫీల్డర్లని ఎక్కడ పెట్టాలి? ఎక్కడ పెట్టినా రెండో వైపు ఖాళీయే. మా ఎదురింటి పంజాబీ పెద్దాయన ఆ రెండు షాట్లు చూసి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. జయసింహ నుంచి అజహర్ దాకా హైదరాబాద్ మణికట్టుకి పేరుంది, కానీ ప్రపంచంలో అత్యుత్తమ లెగ్ స్పిన్నర్ని ఇంతగా తికమక పెట్టినవాళ్ళు అరుదు.

452 బంతులు, 44 ఫోర్లు. గవాస్కర్ 236 నాటౌట్ రికార్డు దాటిపోయింది. అయిదో వికెట్‌కి ద్రావిడ్‌తో 376 పరుగుల భాగస్వామ్యం. అయిదో రోజు మెక్‌గ్రాత్ బంతికి పాంటింగ్ చేతికి చిక్కాడు. ద్రావిడ్ 180. 657 దగ్గర డిక్లేర్ చేస్తే, హర్భజన్ ఆరు వికెట్లు తీసి ఆస్ట్రేలియాని 212కి కట్టేశాడు. గెలుపు 171 పరుగులతో. ఫాలో ఆన్ ఆడిన జట్టు టెస్టు గెలవడం అప్పటికి చరిత్రలో మూడోసారి మాత్రమే.

ఢిల్లీలో ఉన్నవాళ్ళకి మాత్రం ఇంకో లక్ష్మణ్ జ్ఞాపకం ఉంది. దాన్ని వదిలేస్తే మా సాకేత్‌వాళ్ళు నన్ను క్షమించరు. 2008 అక్టోబర్ 29, దీపావళి మర్నాడు ఫిరోజ్ షా కోట్లాలో ఆస్ట్రేలియాతో టెస్టు మొదలైంది. అప్పటికి సాకేత్‌కి మెట్రో రాలేదు, ఢిల్లీ గేట్ దాకా బస్సుల్లో వేలాడుతూ వెళ్ళాలి. రాత్రి టపాసుల పొగ ఇంకా గాల్లోనే ఉంది. స్టాండ్సన్నీ గంభీర్ కోసం గొంతు చించుకుంటున్నాయి, సొంత ఊరి కుర్రాడాయె. గంభీర్ 206 చేశాడు. అదే ఇన్నింగ్స్‌లో అయిదో స్థానంలో వచ్చిన లక్ష్మణ్ 200 నాటౌట్. ఒక మూల కూర్చున్న తెలుగువాళ్ళం ఎంతమందిమో కానీ, ఆ 200 నాడు మా అరుపు మాకు చాలా పెద్దదే. నవంబర్ 1న, ఆ మ్యాచ్ మధ్యలోనే, అతనికి 34 నిండాయి. ఆఖరి రోజు కుంబ్లే టెస్టులకి వీడ్కోలు చెప్పాడు, ఆ హడావిడిలో లక్ష్మణ్ మళ్ళీ పక్కకి తప్పుకున్నట్టయింది.

ఆ వెంటనే నాగ్‌పూర్‌లో అతని 100వ టెస్టు. అది గంగూలీ ఆఖరి టెస్టు కూడా కావడంతో పత్రికలన్నీ అటే తిరిగాయి. మనకి మాత్రం ఆ వంద చాలా పెద్దది. అజహర్ 99 దగ్గర ఆగిపోయాడు. ఆ ఒక్క మెట్టు ఎక్కిన తొలి హైదరాబాదీ లక్ష్మణ్. ఆ మ్యాచ్‌లో 64 చేశాడు, మనం సిరీస్ గెలిచాం.

చోటు మారినా ఆట మారలేదనడానికి మొహాలీ, 2010 అక్టోబర్ కంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. గెలవడానికి 216 కావాలి, 124కి ఎనిమిది వికెట్లు పోయాయి. నడుము మళ్ళీ పట్టేసింది, రైనా రన్నర్‌గా పరిగెడుతున్నాడు. పక్కన ఇషాంత్ శర్మ. ఇద్దరూ కలిసి 81 పరుగులు లాక్కొచ్చారు. ఆఖర్న మన హైదరాబాద్ జట్టువాడే అయిన ఓఝా పరుగుకి తటపటాయిస్తే, జీవితంలో గొంతు పెంచని లక్ష్మణ్ బ్యాటెత్తి కేకలేశాడు. ఆ కేక చూసి దేశమంతా నవ్వుకుంది, గెలిచాక. ఒక్క వికెట్ తేడాతో గెలుపు, అతనివి 73 నాటౌట్. నాకైతే ఈడెన్ 281 పక్కన పెట్టదగ్గది ఇదే. అడిలైడ్‌లో 85కి నాలుగు పోయాక ద్రావిడ్‌తో 303 జోడించిన ఆ 148 కూడా నా లెక్కలో దీని తర్వాతే.

134 టెస్టులు, 8781 పరుగులు, 17 శతకాలు. ఒక్క ఈడెన్‌లోనే పది టెస్టుల్లో 1217. 135 క్యాచ్‌లు, ఎక్కువ భాగం స్లిప్‌లోనే. వన్డేల్లో ఆరు శతకాలు, అందులో నాలుగు ఆస్ట్రేలియా మీద, అయినా ఒక్క ప్రపంచ కప్పూ ఆడలేదు. అది ఇప్పటికీ మాకు గుచ్చుకుంటుంది.  2012 ఆగస్ట్‌లో, సొంత ఊరు హైదరాబాద్‌లో న్యూజిలాండ్‌తో టెస్టు కొద్ది రోజుల్లో ఉందనగా, జట్టులో పేరున్నా ఆ ఒక్క మ్యాచ్ కోసం ఆగకుండా తప్పుకున్నాడు. చివరి మ్యాచ్ ఊరేగింపు అందరూ కోరుకునేదే. అతను కొత్త కుర్రాడి చోటు అడ్డుకోకూడదనుకున్నాడు.

2021 డిసెంబర్‌లో బెంగళూరులో జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యత తీసుకున్నాడు. అక్కడా అదే వరస. కుర్రాళ్ళ జట్టు వెస్టిండీస్‌లో ప్రపంచ కప్ ఆడితే వాళ్ళ వెంట వెళ్ళాడు, కప్పుతో తిరిగొచ్చారు. సీనియర్ కోచ్ వేరే చోట ఉంటే ఐర్లాండ్‌కో జింబాబ్వేకో ఇంకో జట్టుని తీసుకెళ్ళాడు. గాయపడ్డ బౌలర్లు, పందొమ్మిదేళ్ళ పిల్లలు అతని గది తలుపు తడుతున్నారు.

లక్ష్మణ్ గారూ, మీరు ఓపెనర్‌గా నిలబడ్డప్పుడూ, వన్‌డౌన్‌లో వెళ్ళినప్పుడూ, టెయిలెండర్లని వెంటేసుకుని నడిచినప్పుడూ, స్లిప్‌లో చేతులు చాపినప్పుడూ మేం ఎక్కడో ఒక చోట, ఒక్కోసారి అద్దె గదిలో, ఒక్కోసారి కోట్లా సిమెంటు మెట్ల మీద, మీతోపాటు ఊపిరి బిగపట్టాం. ఊరొదిలి ఇంత దూరం వచ్చినవాళ్ళకి మీ పేరు స్కోరు బోర్డు మీద కనిపిస్తే సొంత మనిషి కనిపించినట్టే ఉండేది. ఆ పాతికేళ్ళ సంతోషానికి సాకేత్ తెలుగువాళ్ళందరి తరఫునా మీకు హృదయపూర్వక అభినందనలు. ఉగాది శుభాకాంక్షలు కూడా, ఐదు రోజులు ముందుగా.