సర్ రోనాల్డు రాసు జీవితము: దాగియుండు జ్వరము

చలిజ్వరమునకు, అనగా మలేరియాకు, విచిత్రమైన గుణమొకటి కలదు. రోగికి మొదట చలి పుట్టును. రెండు మూడు గొంగళ్లు కప్పినను వణకు తగ్గదు. తరువాత నొడలు కాలును; పిమ్మట చెమటలు పోసి జ్వరము దిగును. మందు పుచ్చుకొన్న కొన్ని దినములకు రోగి లేచి తిరుగును, బడికి పోవును, పొలము పనికి పోవును. పీడ విరుగడయైనదని యింటివారు సంతోషింతురు. కాని కొన్ని మాసములైన పిమ్మట, క్రొత్తగా దోమ కుట్టకున్నను, అదే వణకు మరల వచ్చుట కలదు. ఇంతకాలము ఆ జ్వరమెచ్చట నుండెను?

ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు లోకమునకు బహుకాలము పట్టినది. ఆ మార్గమున మొదటి తలుపు తెరచినవారిలో ముఖ్యుడు సర్ రోనాల్డు రాసు. ఆ తలుపు తెరువబడిన చోటు మన తెలుగునేలయందలి సికింద్రాబాదు. కావున ఆయన చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది.

రాసు 1857 వ సంవత్సరము మే నెల 13 వ తేదీన హిమాలయ ప్రాంతమందలి ఆల్మోరాలో జన్మించెను. తండ్రి భారత సైన్యమున నధికారి. ఎనిమిదవ యేట బాలుని చదువునకై ఇంగ్లండునకు పంపిరి. కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము, గణితము ఆతనికి ప్రియములు; వైద్యమునందు మాత్ర మాసక్తి లేకుండెను. తండ్రి కోరికను కాదనలేక 1874 లో లండనునందలి సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలలో చేరెను. అచ్చట శ్రద్ధగా చదువలేదు. ఒక పరీక్ష తప్పెను గూడ. ఎట్టకేలకు 1881 లో ఇండియన్ మెడికల్ సర్వీసున ప్రవేశించి మద్రాసు రాజధానికి వచ్చెను. బడిలో వెనుకబడినవాడు బ్రతుకంతయు వెనుకబడియే యుండునని తలంచు తలిదండ్రులు ఈ భాగమును మరల నొకసారి చదువవలెను.

ఆ కాలమున చలిజ్వరము బురదనేలలనుండి లేచు చెడుగాలివలన వచ్చునని జనులు నమ్ముచుండిరి. 1880 లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగుల రక్తమునందు ఒక సూక్ష్మజీవిని కనుగొనెను. 1894 లో రాసు సెలవుమీద లండనునకు పోయినప్పుడు, పాట్రిక్ మాన్సన్ అను పండితుడు ఆ జీవిని సూక్ష్మదర్శినిలో చూపి, దోమలకు దీనితో సంబంధముండవచ్చునను తన యూహను తెలిపెను. ఆ నాటినుండి రాసు మారిన మనుష్యుడయ్యెను. 1895 లో సికింద్రాబాదునకు వచ్చినది మొదలుకొని రోగులను కుట్టిన దోమలను ఒక్కొక్కటిగా కోసి పరీక్షించెను. ఏమియు కనబడలేదు. ఆయన పరీక్షించిన దోమలు జాతి వేరగుటయే కారణమని అప్పటికి తెలియదు. నడుమ కలరా నివారణ పనికై బెంగుళూరునకు పోవలసివచ్చెను. 1897 లో మరల సికింద్రాబాదు చేరెను.

అది ఉక్కపోత కాలము. పంకా విసరించినచో దోమల రెక్కలు ఎగిరిపోవునని రాసు దానిని మాన్పించెను. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. ఆగస్టు నెలలో మచ్చల రెక్కలుగల క్రొత్తజాతి దోమలు కొన్ని దొరకెను. హుసేన్ ఖాన్ అను రోగి, కుట్టిన దోమ కొక అణా చొప్పున పుచ్చుకొని, తన శరీరమును వానికి అప్పగించెను. ఆగస్టు 20 వ తేదీన అట్టి దోమ నొకదానిని కోసి చూడగా, జీర్ణకోశపు గోడలో నల్లని రేణువులతో గూడిన గుండ్రని కణములు కనబడెను. మనుష్యుని రక్తమందలి సూక్ష్మజీవియే దోమ కడుపున పెరుగుచుండెను! మరుసటి యేట కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశోధించి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులను చేరి కాటుద్వారా క్రొత్త ప్రాణికి సోకునని రుజువు చేసెను. 1902 లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఆ బహుమానమును పొందిన బ్రిటిషు జాతీయులలో నాయనయే ప్రథముడు.

అయినను మన మొదటి ప్రశ్న అట్లే నిలిచియుండెను. జ్వరము లోనికెట్లు వచ్చునో తెలిసినది. లోపల నెక్కడ దాగునో తెలియలేదు. 1903 లో షౌడిన్ అను జర్మను పండితుడు, దోమ విడిచిన జీవులు తిన్నగా రక్తకణములలో దూరుట తాను చూచితినని ప్రకటించెను. అది పొరపాటు. కాని ఆయన ప్రఖ్యాతిని బట్టి లోకము దానిని నాలుగు దశాబ్దములు నమ్మెను. రాసు 1932 సెప్టెంబరు 16 వ తేదీన ఈ రహస్యము తెలియకయే మరణించెను. 1948 లో షార్ట్, గార్న్‌హామ్ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఆ జీవులు మొదట కాలేయ కణములలో చేరి పెరుగునని చూపిరి. 1980 దశకపు ఆరంభమున, వైవాక్స్ అను జాతి జీవులలో కొన్ని కాలేయ కణమున విభజన చెందక నిద్రించుచుండునని స్పష్టమయ్యెను. కొన్ని వారములకో, మాసములకో అవి మేలుకొని, వేలకొలదిగా పెరిగి రక్తమున పడును. అదియే తిరుగబెట్టిన జ్వరము. హుసేన్ ఖాన్ రక్తమున నుండినది నెలవంక యాకారము గల వేరొక జాతి. దానికి కాలేయమున నిద్రించు గుణము లేదు.

ఇట్లు దాగియుండు విద్య చలిజ్వరపు జీవికి మాత్రమే తెలిసినది కాదు. వైరసులలోను కొన్నిటికి కలదు. చిన్ననాట ఆటలమ్మ పోసిన బిడ్డకు పొక్కులు మాడిపోవును. కాని ఆ వైరసు వెన్నెముక చెంతనుండు నరముల ముడులను చేరును. అచ్చట తన సంతతిని పెంచక, నరకణపు కేంద్రమున తన జన్యుపదార్థమును మాత్రము నిలుపుకొని, మౌనముగా నుండును. శరీరరక్షణశక్తి దానిని అణచియుంచును. వార్ధక్యమునగాని, మరియొక కారణముచేతగాని ఆ శక్తి తగ్గినపుడు, వైరసు మేలుకొని నరము వెంట చర్మమునకు దిగివచ్చును. దానినే మనవారు అక్కి యందురు. యాబదియేండ్ల క్రిందటి ఆటలమ్మయే అక్కియై వచ్చుట!

ఇందువలన మనకు కలుగు ప్రయోజనమేమి? రాసు కాలపు క్వయినా మందు రక్తమందలి జీవులను చంపెడిదేగాని, కాలేయమున నిద్రించువానిని తాకెడిది కాదు. నేడు అందులకై ప్రైమాక్విన్ అను మాత్రలున్నవి. మన దేశమున వైవాక్స్ జ్వరమునకు వానిని 14 దినములు వాడుట నియమము. గర్భిణులకును, శిశువులకును ఈ మందు తగదు. కొందరి రక్తమునకిది సరిపడదు. కావున వైద్యుని యాజ్ఞ లేక ముట్టరాదు. వైద్యుడు వ్రాసి యిచ్చిన పిమ్మట మాత్రము నడుమ మానరాదు. మన బాలురు చేయు తప్పు ఇచ్చటనే యున్నది. మూడవనాటికి జ్వరము దిగును. మాత్రల చేదు, క్రికెట్టు ఆట కలసి మిగిలిన పొట్లమును మరపించును. తల్లియు బిడ్డ కులాసాగా నున్నాడని ఊరకుండును. పరీక్షల దినములలో జ్వరము మరల వచ్చినపుడు దోమను నిందింతుము. మిగిలిన పొట్లము అలమారులోనే యుండును.

రాసునందు లోపములు లేకపోలేదు. ఘనత యెవ్వరిదను విషయమై ఇటలీ పండితుడగు గ్రాసీతో చిరకాలము కలహించెను. ఆ కలహమువలన నెవ్వరికిని మేలు కలుగలేదు. కాని కనబడని శత్రువును వెదకుటలో ఆయన చూపిన ఓర్పు అనుసరింపదగినది. ఆయన పరిశోధించిన బేగంపేట భవనము ఆయన స్మారకముగా నిలిచియున్నది. హైదరాబాదునకు పోవు విద్యార్థులు దానిని చూచినపుడు రాసుతోబాటు, అణాలకు తన యొడలినిచ్చిన హుసేన్ ఖానును గూడ తలంచుకొందురుగాక. ఇంటికి వచ్చిన పిమ్మట అలమారు తెరచి, సగము వాడి మరచిన మందు పొట్లమేదైన నున్నదేమో తల్లితో గలసి చూచి, వైద్యునికి చూపుదురుగాక.