సూసా బాకా, భుజం మీద తువ్వాలు

పోయిన పెళ్లిళ్ల సీజన్లో ఒక రాత్రి నానక్‌రామ్‌గూడలో బస్సు కోసం నిలబడి ఉన్నా. ఆఫీసు క్యాబుల మధ్యలోంచి ఒక బరాత్ వచ్చింది. బ్యాండులో ఒకాయన ఒంటికి పెద్ద ఇత్తడి బాకా కొండచిలువలా చుట్టుకుని ఉంది. తల పైన గంగాళమంత మూతి. పాట ఆగినప్పుడు దగ్గరికెళ్లి, అన్నా, ఒకసారి వేసుకుని చూడొచ్చా అని అడిగా. ఆయన నవ్వి నా భుజానికి తగిలించాడు. రెండు నిమిషాలకే ఎముక మీద ఒత్తుకుంది. ఆయన ఎడమ భుజం మీద మడతపెట్టిన తువ్వాలు ఎందుకుందో అప్పుడర్థమైంది.

రూముకొచ్చి వెతికితే దాని పేరు సూసాఫోన్ అని తెలిసింది. సూసా అంటే ఒక మనిషి. అదే నానక్‌రామ్‌గూడలో 2023 నుంచి అమెరికా కాన్సులేట్ ఉంది కదా, మనవాళ్లు వీసా కోసం వెళ్లేది. ఆ దేశపు అధికారిక జాతీయ మార్చ్ పాట కట్టింది ఆయనే.

జాన్ ఫిలిప్ సూసా 1854 నవంబర్ 6న వాషింగ్టన్‌లో పుట్టాడు. తండ్రిది పోర్చుగీసు వంశం, తల్లిది జర్మనీలోని బవేరియా. తండ్రి అమెరికా మెరైన్ బ్యాండులో ట్రాంబోన్ వాయించేవాడు. పిల్లాడు వయొలిన్ నేర్చుకున్నాడు. 13 ఏళ్లకి ఒక సర్కస్ బ్యాండుతో ఇంట్లోంచి పారిపోదామనుకున్నాడు. అది తెలిసి తండ్రి 1868లో తన బ్యాండులోనే అప్రెంటిస్‌గా చేర్పించేశాడు. అదే బ్యాండుకి 1880లో సూసా నాయకుడయ్యాడు. 12 ఏళ్లు, అయిదుగురు అధ్యక్షుల కింద పనిచేశాడు. 1892లో బయటికొచ్చి సొంత బ్యాండు పెట్టాడు.

బాకా కథ ఇక్కడే మొదలైంది. బ్యాండులో అడుగు స్వరం ఇచ్చేది ట్యూబా. 1835లో బెర్లిన్‌లో పేటెంట్ అయింది. కూర్చుని ఒళ్లో పెట్టుకుంటే ఫర్వాలేదు. నడుస్తూ మోస్తే బరువంతా ఒంటికి ముందు వేలాడుతుంది. ఫస్టియర్ మెకానిక్స్ గుర్తుందా? బరువు వెన్నెముకకి ఎంత దూరం జరిగితే మూమెంట్ అంత పెరుగుతుంది, దాన్ని నడుమే కాయాలి. అందుకే గొట్టాన్ని గుండ్రంగా చుట్టి, మనిషి మధ్యలో దూరేలా హెలికాన్ అని ఒకటి చేశారు. బరువు ఎడమ భుజం మీదకి, ఒంటి దగ్గరికి వచ్చింది. మెరైన్ బ్యాండులో సూసా వాడించింది దాన్నే.

ఆయనకి నచ్చనిది మోత కాదు, మోగడం. హెలికాన్ మూతి ఎటు తిరిగి ఉంటే శబ్దం అటే పోయేది. కచేరీలో ఆ స్వరం బ్యాండు మొత్తం మీద పరుచుకోవాలని ఆయన కోరిక. మూతి పెద్దది చేసి ఆకాశంవైపు తిప్పమన్నాడు. ఫిలడెల్ఫియాలో జె. డబ్ల్యు. పెప్పర్ 1893లో అలా ఒకటి తయారుచేసి సూసా పేరే పెట్టాడు. 1898లో సి. జి. కాన్ కంపెనీ తన మోడల్ తెచ్చింది. వాన పడితే నీళ్లు అందులోకే పోతాయని జనం దానికి వాన పట్టేది అని ముద్దుపేరు పెట్టారు.

తమాషా ఏంటంటే, సూసా బ్యాండు వీధుల్లో నడిచింది చాలా అరుదు, దాదాపు అన్నీ కూర్చుని చేసిన కచేరీలే. ఊరేగింపుల వాళ్లకి మాత్రం ఆ ఆకారం బాగా పనికొచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో తయారీదార్లు మూతిని మళ్లీ ముందుకి తిప్పేశారు. అంటే బరాత్‌లో నేను మోసింది, సూసా వద్దన్న దిక్కుకి తిరిగిన సూసాఫోన్!

ఆయన మాత్రం ఆగలేదు. 1896లో ఓడ ప్రయాణంలో ది స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్ మనసులోనే కట్టుకున్నాడు. 1987లో జాతీయ మార్చ్ అయింది అదే. 130కి పైగా మార్చ్‌లు కట్టాడు. 1911లో బ్యాండుని దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దాకా తిప్పాడు. ఇండియా ఆ దారిలో లేదు. 62 ఏళ్ల వయసులో, మొదటి ప్రపంచయుద్ధంలో నేవీలో చేరి కుర్రాళ్లకి బ్యాండు నేర్పాడు. 1921లో గుర్రం మీంచి పడ్డాక ఎడమ చెయ్యి మునుపటిలా ఆడలేదు. అయినా 1931 దాకా బ్యాండు నడిపాడు. 1932 మార్చి 6న పెన్సిల్వేనియాలోని రెడింగ్‌లో, ముందురోజు రిహార్సల్ చేయించి, చనిపోయాడు.

ఆయన్ని తప్పు పట్టడానికి ఇదంతా రాయట్లేదు. తనకేం కావాలో అంత స్పష్టంగా చెప్పిన కస్టమర్ దొరకడం అదృష్టం. కానీ ఆ రిక్వైర్‌మెంట్ వినే చెవిది. మోసే భుజానికి దక్కిన సుఖం హెలికాన్ నుంచి వచ్చిందే. 1960లలో ఫైబర్‌గ్లాస్‌తో తేలిక మోడళ్లు వచ్చేదాకా బరువు సంగతి పెద్దగా మారలేదు. మన బరాత్‌లలో ఇప్పటికీ ఇత్తడి బాకాలు కనిపిస్తున్నాయి.

ఈ సెమ్ మినీ ప్రాజెక్టుకి మా టీమ్ భుజం ప్యాడ్ అనుకుంటోంది. క్యాడ్‌లో గీతలు మొదలెట్టేశాం కూడా. నేనే ఆపా. ముందు ఆ బ్యాండు అన్నని వెతికి, తువ్వాలు ఎన్ని మడతలు పెడతాడో, ఎక్కడ పెడతాడో అడగాలి. చెమట తుడుచుకోవడానికీ అదే తువ్వాలు కదా, మా ప్యాడ్ ఆ పని చేస్తుందా అని కూడా.