రఘుపతి వెంకయ్య నాయుడుగారు – వారి శబ్దయంత్రము

మన పుప్పాలగూడలో నిప్పుడు లేచుచున్న యెత్తైన మేడలయందు, చిత్రములు చూచుటకును పాటలు వినుటకును ప్రత్యేకముగా నొక గదిని కేటాయించుకొనువారు పలువురు గలరు. కడచిన వేసవిలో మన విద్యార్థి యొకని తండ్రిగారు అట్టి గదికి ఎట్టి లౌడుస్పీకర్లు కొనవలెనని నన్నడిగిరి. భౌతికశాస్త్రము బోధించువాడను గనుక నాకు తప్పక తెలియునని వారి నమ్మకము. గదికొలతను గూర్చియు గోడల తీరును గూర్చియు వారితో ముచ్చటించుచుండగా, శబ్దయంత్రము నొకదానిని కోరి తన జీవనాధారమునే తాకట్టు పెట్టిన మన తెలుగువాడొకరు నాకు జ్ఞప్తికి వచ్చిరి. ఆయనయే రఘుపతి వెంకయ్య నాయుడుగారు.

వీరు 1869వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. చేతిపనులయందు నేర్పు గలవారు. పదునేడేండ్ల ప్రాయమున, అనగా 1886 ప్రాంతమున, బందరు విడిచి చెన్నపట్టణము చేరి, ఛాయాచిత్రములు తీయు వృత్తి నవలంబించి, మౌంటురోడ్డున స్వంత స్టూడియో నెలకొల్పుకొనిరి. ఆ కాలమున ఫొటో తీయుట నేటి బాలురనుకొనునంత సులభము గాదు. మందు పూసిన గాజుపలకను పెట్టెలో నమర్చి, ఎదుటివారిని కదలకుండ కూర్చుండబెట్టి, పిమ్మట చీకటిగదిలో పలకను మందునీళ్లతో కడిగి, బొమ్మను కాగితము మీదికి దింపవలెను. వెలుతురు నంచనా కట్టు నేర్పును, యంత్రములనిన జంకు లేకుండుటయు ఆయనకు అక్కడనే అలవడి యుండునని నేననుకొందును.

1909వ సంవత్సరమున ఆయన చెవిని క్రోనోమెగాఫోను అను నొక క్రొత్త యంత్రపు వార్త పడెను. దానిని ఫ్రాన్సు దేశమునందలి గోమాఁ కంపెనీవారు తయారుచేసిరి. తెరమీద బొమ్మ కదలుచుండ, ప్రక్కన గ్రామఫోను పళ్లెరమునుండి ఆ బొమ్మకు తగిన పాటయో మాటయో వినవచ్చును. చలనచిత్రము మూగదై యుండిన ఆ దినములలో నిది యెంతటి వింతయో యోచింపుడు.

వెల యెంత? సుమారు 30,000 రూపాయలు. ఈ సంఖ్య నేటి పిల్లలకు చిన్నదిగా దోచవచ్చును. ఆనాడు ఇంగ్లీషు సవరను ఒకటింటికి 15 రూపాయలు చెల్లుచుండెను. కావున 30,000 రూపాయలనిన 2,000 సవరనులు. సవరను తూకము దాదాపు 8 గ్రాములు. లెక్క వేసికొనుడు: పదునారు కిలోల బంగారు నాణెములు! సంసారి యగు ఫొటోగ్రాఫరు ఇంత సొమ్మెక్కడనుండి తెచ్చును? తన స్టూడియోను, అందలి సామగ్రిని కుదువపెట్టి వెంకయ్య నాయుడుగారు ఆ యంత్రమును గొనిరి. బొమ్మలాడక జనము రాకపోయినచో ఉన్న అన్నపుముద్దయు పోవును. బంధుమిత్రులు వారించిరో లేదో గాని, వారించినను తప్పుపట్టవలసిన పని లేదు.

ఈ యంత్రము పనిచేయు తీరు మన పై తరగతులవారు తెలిసికొనదగినది. సామాన్యపు గ్రామఫోనులో సూది గాడివెంట పోవుచు ఒక పలుచని రేకును వణికించును. ఆ వణకు బూరగుండ వెలువడును. సూదికున్న బల మంతంతమాత్రము. ఒక గదికి చాలును గాని వేయిమంది కూర్చున్న హాలునకు చాలదు. క్రోనోమెగాఫోనులో సూది రేకును గాక, బిగబట్టిన గాలి బయటికి పోవు సన్నని ద్వారమును కదల్చును. గాలి నొత్తిపెట్టు యంత్రము వేరుగా నుండును. సూది చేయవలసినది ద్వారము తెరచి మూయుటయే. శబ్దమునకు బలమిచ్చునది గాలి. కొద్దిపాటి కదలిక పెద్దబలమును నడిపించుట యను ఈ సూత్రమే నేటి ఆంప్లిఫయరునందును గలదు. గాలికి మారుగా విద్యుత్తు, ద్వారమునకు మారుగా ట్రాన్సిస్టరు వచ్చినవి.

చెన్నపట్టణమున విక్టోరియా పబ్లిక్ హాలునందు ఆయన ఈ చిత్రముల నాడించిరి. పెద్ద హాలు, నిండిన జనము, ఎత్తైన పైకప్పు. హాలు ఖాళీగా నున్నప్పటి శబ్దము వేరు, జనము నిండినప్పటి శబ్దము వేరు. మనుష్యుల బట్టలు శబ్దమును త్రాగివేయును. అట్టిచోటికి గాలిబలము గల యంత్రమే తగును. మన విద్యార్థి తండ్రిగారు మాత్రము తమ పండ్రెండడుగుల గదికి అంగడిలోని వానిలో నెల్ల పెద్దవగు స్పీకర్లే కొనగోరిరి! వాట్లు రెట్టింపైనను శబ్దము హెచ్చునది 3 డెసిబెల్లు మాత్రమే. చెవికి రెట్టింపు తోచుటకు దాదాపు పదిరెట్లు కావలెను. చిన్నగదిలో పెద్ద స్పీకరును మూలకు నెట్టినచో, మద్దెల మోత పాటను మ్రింగివేయును. వట్టి గోడలు, నునుపైన నేల గల గదిలో మాట స్పష్టముగా నుండదు. తెరలును పుస్తకముల బీరువాయు నుంచిన బాగుపడును. రెండు స్పీకర్లును వినువారును సమబాహు త్రిభుజముగా నుండునట్లు అమర్చుకొనుట మేలు. పాటలను కూర్చు స్టూడియోవారికి కావలసినది, తప్పును తప్పుగానే వినిపించు స్పీకరు. ఇంటివారికి దినమెల్ల విన్నను చెవికి అలసట కలిగింపనిది. ఎరిగిన కంఠము నొకదానిని వినిపించుకొని, అది ఎరిగినట్లే యున్నదా యని చూచి కొనుడని చెప్పి పంపితిని.

ఇక కథకు వత్తము. వెంకయ్య నాయుడుగారు యంత్రమును మూటగట్టుకొని దక్షిణదేశపు టూళ్లకును, సింహళమునకును, బర్మాకును పోయి ప్రదర్శనము లిచ్చిరి. పళ్లెరము పట్టినది మూడు నాలుగు నిమిషముల శబ్దమే. ఫిలిము తెగి అతికినపుడెల్ల కొన్ని బొమ్మలు పోవును. అంతట పెదవులు ముందు, పాట వెనుక! కూర్చున్నవారు నవ్విన యజమానికి నష్టము. లోకమున చిత్రముల నిడివి పెరిగినకొలది ఈ పొట్టి పళ్లెరములు వెనుకబడెను. కొందరు దీనినిబట్టి ఆయన యెంపిక తప్పని యందురు. నాకట్లు తోచదు. ఆ యేటికి అంతకంటె పెద్దగొంతు గల యంత్రము విపణిలో నరుదు. దానివలననే ఆయనకు ప్రేక్షకుల యలవాటు, ప్రదర్శనపు మెలకువ తెలిసివచ్చినవి.

పిమ్మట ఆయన మౌంటురోడ్డున గెయిటీ థియేటరును కట్టించిరి. చెన్నపట్టణమున భారతీయుడు కట్టించిన మొదటి సినిమాహాలిదియే యని చెప్పుదురు. తరువాత మింటు వీథిని క్రౌను, పురసవాకమున గ్లోబు వెలసినవి. శబ్దముతో మొదలిడిన ఆ మనుష్యుడే ఈ హాళ్లలో మూగచిత్రముల నాడింపవలసి వచ్చెను.

చిత్రములను చూపుటతో తృప్తి చెందక, తీయవలెనని సంకల్పించి, కుమారుడగు ప్రకాశ్‌ను పని నేర్చుకొనుటకై ఇంగ్లండు పంపిరి. అతడు తిరిగివచ్చిన పిదప, తండ్రికొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్టు అను పేర స్టూడియో నెలకొల్పిరి. 1921వ సంవత్సరమున ప్రకాశ్ దర్శకత్వమున భీష్మప్రతిజ్ఞ అను మూగచిత్రము వెలువడెను. తరువాత తెలుగుచిత్రములకు పేరు తెచ్చిన సి. పుల్లయ్యగారు ఈ ప్రకాశ్ వద్దనే పని నేర్చినవారు.

1925లో అమెరికాయందు రైసు, కెల్లాగు అను నిద్దరు విద్యుత్తీగచుట్టతో కాగితపు గరాటును కదల్చు లౌడుస్పీకరును వెల్లడించిరి. నేటి యిండ్లలోని స్పీకర్లలో పెక్కు దాని సంతతియే. 1932 ఫిబ్రవరి 6వ తేదీన తెలుగుటాకీ భక్తప్రహ్లాద విడుదలయ్యెను. అదివరకే ఇరువదిమూడేండ్ల క్రిందట తెరచే పాడించిన వెంకయ్య నాయుడుగారు అప్పటికి అరువది దాటినవారు. 1941 మార్చి 15వ తేదీన వారు పరమపదించిరి. గెయిటీ భవనము నేడు లేదు. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు ఆయన పేర పురస్కారము నేర్పరచిరి. మొదట నది హిందీ, తమిళము, తెలుగు మూడు భాషల తొలి టాకీలలోను నటించిన ఎల్. వి. ప్రసాదుగారికి లభించెను.