తేలిక కారు కోసం బతికిన కోలిన్ చాప్‌మన్

మన ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాయమని మిత్రులు కోరారు. నేను రవాణా శాఖలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. రిజిస్ట్రేషన్ పుస్తకాల్లో వాహనాల ఖాళీ బరువు నమోదు చేస్తూ చాలా ఏళ్లు గడిపాను. అందుకే ఆ బరువు తగ్గించడానికి జీవితమంతా ధారపోసిన కోలిన్ చాప్‌మన్ అంటే నాకు ఆసక్తి. లోటస్ కార్ల కంపెనీ స్థాపించినది ఆయనే.

చాప్‌మన్ 1928 మే 19న ఇంగ్లండులో, లండన్ దగ్గరి రిచ్‌మండ్‌లో జన్మించారు. తండ్రి హోటల్ నడిపేవారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంజనీరింగు చదివి, తప్పిన లెక్కల పేపరు మళ్లీ రాసి 1949లో పట్టా పుచ్చుకున్నారు. చదువుకునే రోజుల్లోనే, 1948లో, ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి తన మొదటి కారు తయారుచేశారు. కాబోయే భార్య హేజెల్ తల్లిదండ్రుల ఇంటి వెనుక షెడ్డే ఆయన కార్ఖానా. 1952లో ఆమె ఇచ్చిన 25 పౌన్ల అప్పుతో కంపెనీ మొదలైంది. తండ్రిగారి హోటల్ వెనుక ఉన్న పాత గుర్రపుశాలలో పని సాగింది.

ఆ కాలపు చౌక కార్లలో ముందు చక్రాలకు ఎడ్లబండికి ఉన్నట్టే ఒకే ఇరుసు ఉండేది. ఒక చక్రం గుంతలో పడితే రెండోది కూడా ఒరిగేది. కొత్త సస్పెన్షన్ కొనే స్తోమత లేదు. అందుకని ఫోర్డ్ కారు ఇరుసును మధ్యకు కోసి, రెండు ముక్కలనూ ఛాసిస్‌కు కీలుతో బిగించారు. ఇక ఏ చక్రం కదలిక దానిదే. 1952 నాటి మార్క్ సిక్స్ కారులో ఉన్నది ఈ ఏర్పాటే. ఆ కారు ఉక్కు గొట్టాల చట్రం సుమారు 25 కిలోలు మాత్రమే. అయితే ఇందులో ఒక లోపం ఉంది. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా పక్కకు వాలిపోయేది.

1957లో వచ్చిన లోటస్ సెవెన్‌లో ఆ లోపం సరిచేశారు. ప్రతి ముందు చక్రానికీ ఒకదానిపై ఒకటిగా రెండు ఆర్మ్‌లు పెట్టారు. మలుపులో కారు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ చివరలనే పై ఆర్మ్‌కు ముందు సగంగా వాడుకున్నారు. ఒకే కడ్డీకి రెండు పనులు! బరువూ తగ్గింది, ఖర్చూ తగ్గింది. ఈ కారును విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే కొనుగోలు పన్ను ఉండేది కాదు. సామాన్య జీతగాళ్లు కూడా స్పోర్ట్స్ కారు ముచ్చట తీర్చుకున్నారు.

తరువాత ఫార్ములా వన్ పందేలలో ఆయన సంస్థ ఏడుసార్లు కన్‌స్ట్రక్టర్స్ ఛాంపియన్‌షిప్ గెలిచింది. కాని తేలికతనానికి మూల్యం కూడా ఉంది. లోటస్ 72 కారులో చక్రాల బరువు తగ్గించాలని ముందు బ్రేకులను చక్రాల నుంచి తీసి కారు లోపల అమర్చారు. బ్రేకుకూ చక్రానికీ మధ్య ఒక షాఫ్టు వచ్చింది. 1970 సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజాలో ఆ షాఫ్టు విరిగి, జోకెన్ రింట్ కారు పక్కనున్న కంచెను ఢీకొంది. రింట్ మరణించాడు. ఆ ఏటి ప్రపంచ ఛాంపియన్ బిరుదు అతనికి మరణానంతరం దక్కింది.

చివరి రోజుల్లో డెలోరియన్ కార్ల కంపెనీ డబ్బు వ్యవహారంలో చాప్‌మన్ పేరు కూడా వినిపించింది. 1982 డిసెంబరు 16న గుండెపోటుతో, 54వ ఏట కన్నుమూశారు. లోటస్ సెవెన్ తయారీ హక్కులను కేటర్‌హామ్ సంస్థ 1973లో తీసుకుంది. ఆ నమూనా కార్లు నేటికీ తయారవుతున్నాయి.

మన ఇళ్లలో ఇంజనీరింగు చదివే మనవలూ మనవరాళ్లూ ఎందరో ఉన్నారు. చేతిలో డబ్బు లేకపోయినా బుర్ర పెడితే ఎంత సాధించవచ్చో వారు ఈ జీవితం చూసి నేర్చుకోవచ్చు. ఏ భాగం తగ్గించవచ్చో, మనిషి ప్రాణం ఆధారపడిన ఏ భాగాన్ని తగ్గించకూడదో కూడా ఇందులోనే నేర్చుకోవాలి.